ఉష్ణోగ్రత, గుప్తోష్ణం, ధమని: మాట విడదీసి చెబితే

సైన్సు పాఠాల్లో గుప్తోష్ణం, జఠరిక (గుండెలో కింది గది) లాంటి తెలుగు మాటలు పిల్లలకు బరువు, ఇంగ్లీషు మాటలే ఉంచేస్తే పోలా అని కొందరు అడుగుతుంటారు. నాకు మాత్రం వాటిని వదులుకోవడం ఇష్టం లేదండీ. ఒక్కసారి విడదీసి చూపిస్తే అవే సగం పాఠం చెప్పేస్తాయి.

ఉష్ణోగ్రతనే తీసుకోండి. ఉష్ణ + ఉగ్రత, గుణసంధి. వేడి మొత్తం ఎంత అని కాదు, ఎంత తీవ్రంగా ఉంది అని. గ్లాసులో మరుగుతున్న నీళ్లూ, బకెట్లో మరుగుతున్న నీళ్లూ రెండూ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. ఉగ్రత ఒకటే. చల్లారేటప్పుడు బకెట్ నీళ్లు వదిలే ఉష్ణం మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. ఉష్ణానికీ ఉష్ణోగ్రతకీ తేడా రాయమంటే టెన్షన్ పడే పిల్లలకు జవాబు ఆ మాటలోనే ఉంది.

గుప్తోష్ణం ఇంకా అందమైన మాట. కరుగుతున్న మంచుముక్కల్లో థర్మామీటర్ ఉంచి, కలుపుతూ సన్నగా వేడి చేయండి. మంచు పూర్తిగా కరిగేదాకా పాదరసం సున్నా దగ్గరే ఉంటుంది. ఒక్కో గ్రాము కరగడానికి సుమారు 80 కేలరీలు పడుతున్నా థర్మామీటర్‌కు ఆ జాడే తెలియదు. దాగిన వేడి కనుకే గుప్త + ఉష్ణం.

వేడి ప్రసరించే తీరులను చెప్పే వహనం (కండక్షన్), సంవహనం (కన్వెక్షన్) దగ్గర పిల్లలు తికమకపడతారు, ఒప్పుకుంటాను. సంవహనంలో వేడితో పాటు పదార్థం కూడా కదులుతుందని ఆ 'సం' (అంటే కలిసి) పట్టుకుని చెప్పుకోవాలి.

రక్తప్రసరణలో నాకు అసలు అభ్యంతరం శాస్త్ర పదాలతో కాదు, 'మంచి రక్తం, చెడు రక్తం' అనే వాడుకతో. ధమనిలో మంచిది, సిరలో చెడుది అని బట్టీ పట్టిన పిల్లవాడు పుపుస ధమని దగ్గర ఆగిపోతాడు. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ఆ ధమనిలో ఉండేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం. ఆక్సిజన్ నింపుకుని తిరిగొచ్చేది పుపుస సిరలో. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు చేర్చేది సిర. అంతే, దిక్కును బట్టి పేరు. పైగా ఆ రక్తంలో చెడు ఏమీ లేదు, ఊపిరితిత్తుల గుండా వెళ్లి అదే రక్తం మళ్లీ ఒళ్లంతా తిరుగుతుంది. 'ఆక్సిజన్ తక్కువున్న రక్తం' అనడానికి రెండు మాటలు ఎక్కువైనా అదే అందాం.