బెర్లిన్‌లో మనోవిశ్లేషణను కాపాడారా, అప్పగించేశారా?

వేణు:
మనసు బాధల్ని మాటలతో విప్పి నయంచేసే ఫ్రాయిడ్ పద్ధతే మనోవిశ్లేషణ. 1933లో హిట్లర్ వచ్చాక బెర్లిన్ మనోవిశ్లేషణ సంఘం పగ్గాలు ఫెలిక్స్ బోహ్మ్, కార్ల్ ముల్లర్-బ్రౌన్‌ష్వైగ్‌ల చేతికొచ్చాయి. ఇద్దరూ యూదులు కారు. సంఘం మూతపడకూడదని యూదు సభ్యుల్ని తప్పించారు. ద్రోహమని చాలామంది అంటారు, నేననను. మూసేస్తే చికిత్స మధ్యలో ఉన్న రోగుల గతేంటి? ప్రభుత్వానికి మనంతట మనం సాకు ఇవ్వకూడదనే ఫ్రాయిడ్ కూడా అనుకున్నాడు. మీరేమంటారు?

శారద:
వేరే దారి లేదంటే ఒప్పుకోలేను వేణు గారూ. 1935 అక్టోబర్‌లో ఎడిత్ జేకబ్సన్‌ను నాజీల రహస్య పోలీసు గెస్టపో పట్టుకెళ్లింది. తోటి సభ్యురాలు జైల్లో ఉండగానే డిసెంబర్‌లో సమావేశం పెట్టి, మిగిలిన యూదు సభ్యులచేత రాజీనామా చేయించారు. పైగా వాళ్లు ఇష్టపూర్వకంగా వెళ్లినట్టు చూపించారు! అధ్యక్షత వహించింది అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘం అధ్యక్షుడు ఎర్నెస్ట్ జోన్సే. బెర్న్‌హార్డ్ కామ్ యూదుడు కాకపోయినా వాళ్లతోపాటే రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశాడు. దారి ఉందనడానికి ఆయనే సాక్ష్యం.

ఇంతకీ కాపాడిందేమిటి? 1920లో మాక్స్ ఐటింగన్, ఎర్న్‌స్ట్ సిమ్మెల్ అక్కడ క్లినిక్ తెరిచి, ఇచ్చుకోలేనివాళ్లకు ఉచితంగా చికిత్స చేసేవారు. ఖర్చు చాలావరకు ఐటింగన్ సొంత డబ్బే. ఆయన 1933లోనే పాలస్తీనా వెళ్లిపోవాల్సి వచ్చింది. 1936కల్లా ఆ సంఘం గదుల్లోనే హిట్లర్ మంత్రి హెర్మన్ గోరింగ్ దాయాది మథియాస్ గోరింగ్ నడిపిన మానసిక చికిత్స సంస్థ కొలువుదీరింది. మనుషుల్ని పంపించేసి గదులు నిలబెట్టుకున్నారు, చివరికి ఆ గదులూ వాళ్లవి కాకుండా పోయాయి.

రఫీ:
కామ్‌ను తలిస్తే జాన్ రిట్‌మైస్టర్‌నూ తలవాలండి. 1941 నుంచి గోరింగ్ సంస్థలోనే క్లినిక్ చూసుకున్నాడు. అక్కడ పనిచేస్తూనే నాజీలకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచే బృందంలో ఉన్నాడు. 1943 మే 13న ప్లోట్జెన్సీ జైల్లో తల నరికేశారు. లోపల ఉండిపోయినవాళ్లందర్నీ ఒకే గాటన కట్టకండి.

శారద:
ఆయనకు చేతులెత్తి మొక్కుతాను రఫీ గారూ. కానీ పోరాడింది ఆయన, సంస్థ కాదు. వియన్నా చూడండి. 1938 మార్చిలో జర్మన్ సైన్యం దిగిన మర్నాడే అక్కడి మనోవిశ్లేషణ సంఘం సభ్యులు కూర్చుని, వీలైనవాళ్లంతా దేశం విడవాలనీ, ఫ్రాయిడ్ ఎక్కడుంటే సంఘం అక్కడే అనీ తేల్చేశారు. యూదుడు కాని రిచర్డ్ స్టెర్బా ఉండిపోతాడని జోన్స్ ఆశపెట్టుకున్నాడు. స్టెర్బా ఉండలేదు, కుటుంబంతో సహా వెళ్లిపోయాడు.

వేణు:
వియన్నావాళ్లకు ఐదేళ్ల బెర్లిన్ అనుభవం కళ్లముందుంది. 1933లో బోహ్మ్‌కు ఏం తెలుసు? హిట్లర్ ఏడాదిలో పడిపోతాడనుకున్నవాళ్లు ఎంతమంది లేరు!

శారద:
1933 వరకు మీతో ఏకీభవిస్తాను. 1935 సెప్టెంబర్‌లో యూదుల పౌరసత్వ హక్కులు లాగేసుకున్న న్యూరెంబర్గ్ చట్టాలొచ్చాక కూడా తెలియదంటే ఎలా? నన్ను ఇంకా బాధపెట్టేది యుద్ధం తర్వాతి మౌనం. 1950లో కొత్త సంఘం పెట్టిందీ ముల్లర్-బ్రౌన్‌ష్వైగే, మరుసటి ఏడాదే అంతర్జాతీయ గుర్తింపూ దొరికింది. 1977లో జెరూసలేం మహాసభలో జర్మన్ సభ్యులు ఒక సభను బెర్లిన్‌లో పెట్టుకోమని పిలిస్తే మిగతావాళ్లు కాదన్నారు. ఆ దెబ్బతోనే అక్కడి కుర్రవాళ్లు తమ గురువుల్ని, నాజీల ఆ పన్నెండేళ్లూ మీరేం చేశారని నిలదీయడం ఊపందుకుంది. 1985లో హాంబర్గ్‌లో మహాసభ జరిగినప్పుడు నాజీల కాలం నాటి కాగితాలూ ఫొటోలూ ప్రదర్శనకు పెట్టారు. కాపాడామన్న కథను కాదన్నది పరాయివాళ్లే కాదండీ, వాళ్ల దగ్గర చదువుకున్న పిల్లలు కూడా.