విశాఖ ఉప్పుగాలికి బార్‌బెల్ తుప్పు: ఏ నూనె, ఎన్నాళ్లకోసారి?

బీచ్ దగ్గర ఇల్లు, బాల్కనీలో బరువులెత్తే 20 కిలోల క్రోమ్ పూత బార్. పట్టు కోసం చెక్కిన గరుకు గీతల్లో ఎర్ర తుప్పు దిగింది.

పూత లేని ఇనుప ప్లేట్లను తెల్ల వెనిగర్‌లో 24 గంటలు నానబెట్టి, వంటసోడా నీళ్లతో కడిగితే శుభ్రపడ్డాయి. వెంటనే తుడిచి, ఆరబెట్టి నూనె రాయకపోతే మాత్రం కాసేపటికే మళ్లీ పలచటి ఎరుపు తేలుతోంది. బార్‌ను ముంచలేదు, వెనిగర్ స్లీవుల్లోకి (ప్లేట్లు ఎక్కించే, తిరిగే చివరి గొట్టాలు) దిగితే లోపలి గ్రీజు పోతుంది. నైలాన్ బ్రష్, కుట్టుమిషన్ నూనెతో రుద్దుతున్నాను, గీతల అడుగున ఉన్నది కదలడం లేదు.

ఇత్తడి తీగల బ్రష్ వాడితే క్రోమ్ పూత లేచిపోతుందా? ఇప్పటికే పొక్కులు లేచినచోట ఏం చేయాలి? చెమట ఉప్పును రోజూ పొడిగుడ్డతో తుడుస్తూ, వారానికోసారి నూనె రాస్తే ఈ గాలికి చాలా? (కొబ్బరినూనె చెప్పకండి, జిడ్డుకట్టి, పట్టు కోసం చేతులకు రాసుకునే సుద్దపొడి పట్టేస్తుంది.)