జీరో బిల్లు ఒక్కటే చాలా? రేకుల ఇళ్లకు ఇంకేం చేయాలె?

శివనగర్ వాసి, వరంగల్:
మా వాడకట్టుల సగం ఇళ్లు రేకులవే. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. మంచిదే. కానీ మే నెలల మా పక్కింటి పెద్దమ్మకు 214 యూనిట్లు తిరిగినయి. 200 దాటితే పైన పద్నాలుగుకే కాదు, మొత్తానికి కట్టాలె. ఆమె కొడుకు హమాలీ పని చేస్తడు. రాత్రి ఫ్యాన్ బంద్ చేసి వాకిట్ల పండుకుంటున్నరు. ఉచిత కరెంటుకు పెట్టే పైసలల్ల కొంత ఫ్యాన్లకు, ఇంటి పైకప్పులకు పెట్టాలని నేనంట. మీరేమంటరు?

రిటైర్డ్ లైన్‌మన్, హన్మకొండ:
తమ్మీ, నేనొప్పుకోను. బాకీ కట్టలేదని నా చేతులతోనే ఫ్యూజులు పీకిన. పిల్లల పరీక్షలప్పుడు కూడా పీకాల్సి వచ్చింది, ఆ ముఖాలు ఇప్పటికీ మర్చిపోలేదు. 2024 మార్చిల జీరో బిల్లులు మొదలైనంక ఆ భయం పోయింది. ఫ్యాన్లు పంచుతమంటే టెండర్లు, నాసిరకం సరుకు, పైరవీలు. బిల్లు మాఫీ అయితే నేరుగా ఇంటికే చేరుతది. దాన్ని ముట్టుకోవద్దు.

ఎలక్ట్రీషియన్, కాశిబుగ్గ:
కాకా, మాఫీ తీసేయమని ఎవరూ అంటలేరు. లెక్క చూడుండ్రి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు గుంజుతది. ఎండకాలం రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. కరెంటు తక్కువ తాగే కొత్త రకం మోటారు బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లే, అంటే నెలకు 15 యూనిట్ల లోపే. రెండు ఫ్యాన్లు మారిస్తే నలభైకి పైన మిగులుతయి. పెద్దమ్మ ఇల్లు 214 నుంచి దాదాపు 170కి దిగుతది. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, పైన వాటికి 7 రూపాయల 70 పైసలు. ఆమెకు యూనిట్ల ఛార్జీలే 1,100 దాటి ఉంటయి. ఆ పైసలు ఫ్యాన్‌కు పెడితే ఏండ్లకు ఏండ్లు పనిచేస్తది. కానీ ఒక్కసారి అంత పెట్టి కొనలేకనే పాత ఫ్యాన్‌కు రీవైండింగ్ చేయించుకుంటరు, అది ఇంకా ఎక్కువ తాగుతది. మహిళా సంఘం అప్పు కింద ఫ్యాన్ ఇప్పియ్యొచ్చు గదా.

బీడీ కార్మికురాలి బిడ్డ, జగిత్యాల:
అందరూ కరెంటు గురించే మాట్లాడుతున్నరు. పొయ్యి సంగతేంది అన్నా? మా అమ్మ బీడీలు చేస్తది. పైసలు లేక ఏడాదికి మూడు సిలిండర్లే తెచ్చుకునేది, మిగతా రోజులు కట్టెల పొయ్యే. 500 రూపాయల సిలిండర్ పథకం వచ్చినంక గత మూడేళ్ల సగటు వాడకం చూసి ఎన్ని ఇయ్యాలో లెక్క కట్టిండ్రు. లేమితోని తక్కువ వాడినోళ్లకు తక్కువే రాసిండ్రన్నట్టు. పైగా ముందుగాల పూర్తి ధర కట్టాలె, సబ్సిడీ తర్వాత బ్యాంకుల పడుతది. ఆ ముందుగాల కట్టే పైసలే మా దగ్గర ఉండయి. పొద్దంత పొగాకు ఘాటు, పొద్దుగూకంగ కట్టెల పొగ. అమ్మ దగ్గు వింటే నాకు నిద్ర పట్టదు.

కిరాయిదారు, కరీమాబాద్:
మా ఓనర్ మీటర్ ఒక్కటే, కింద మూడు కుటుంబాలం. అందరిదీ కలిసి 200 ఎప్పుడో దాటుతది. మాకు జీరో బిల్లు మాటే లేదు. సబ్ మీటర్ చూసి ఓనర్ ఎంతంటే అంత ఇస్తున్నం. ముందు ఎవరి మీటర్ వాళ్లకు ఇప్పియ్యాలె.

శివనగర్ వాసి:
చెల్లె చెప్పిన మూడేళ్ల సగటు సంగతి నాకు తట్టనే లేదు. కప్పు గురించి ఒక్క మాట. 2023ల మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంటే ఎండ వేడిని లోపలికి రానియ్యని కప్పులు వేయాలని. ఇళ్లకు వచ్చేసరికి 600 గజాలు, ఆపైన స్థలమున్న వాటికే తప్పనిసరి. అరవై గజాల రేకుల ఇంటికి ‘మీ ఇష్టం’ అని వదిలేసిండ్రు. ఎండకు మాడేది ఆ ఇల్లే గదా! ఈ ఆదివారం పెద్దమ్మ ఇంటి రేకుల మీద రెండు పూతలు తెల్ల సున్నం కొడుతున్నం. తెల్లగుంటే ఎండ వెనక్కి కొట్టి లోపల వేడి తగ్గుతది. ఆ రోజు మీటర్ రీడింగ్ రాసి పెట్టి, నెలయినంక ఇక్కడ చెప్త.

రిటైర్డ్ లైన్‌మన్, హన్మకొండ:
మాఫీ మీద నా మాట నాదే. కానీ సున్నానికి నేనూ వస్త. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకుండ్రి, పగిలి కింద పడుతరు. కింద దూలం ఉన్నకాడ అడ్డంగ పలక వేసుకొని దాని మీద కూసోవాలె. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు ఏ మూలకు ఉందో ముందుగాల నేను చూస్త, అప్పటిదాకా ఎవరూ నిచ్చెన ఎక్కొద్దు.