నాయనమ్మ బొమ్మలో అమ్మవారి మచ్చలు ఉంచాలా, తీసేయాలా?

తెనాలి అమ్మాయి (ప్రశ్న):
వచ్చే మాఘానికి మా నాయనమ్మ పోయి ఏడాది. హాల్లో పెట్టడానికి నాన్న ఒక పెయింటర్‌తో పెద్ద బొమ్మ వేయించారు. ఆవిడకి ఫొటోలంటే పడదు. ఓటరు కార్డు మీదున్నదీ, బాబాయి పెళ్ళి గ్రూప్ ఫొటోలో సగం మొహమూ తప్ప ఏమీ దొరకలేదు.

ఆవిడకి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. బుగ్గల నిండా గుంటలు. వేసవి సెలవుల్లో డాబా మీద ఆవిడ పక్కన పడుకుని, ఆ గుంటల్లో వేలు పెట్టి లెక్కపెట్టేదాన్ని. ఇరవై దాటేలోపే నిద్ర పట్టేసేది. వచ్చిన బొమ్మలో ఒక్క గుంట కూడా లేదు. మనిషి తెల్లబడింది కూడా. ముక్కుపుడక, జరీ అంచు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. నాన్నకి తెగ నచ్చేసింది. పెద్దత్త వచ్చి చూసి, "ఎవర్రా ఈవిడ?" అంది.

మళ్ళీ వేయిద్దామంటే, "నలుగురూ వచ్చే చోట ఆ మచ్చలెందుకు" అంటున్నారు నాన్న. కన్నూ ముక్కూ కుదిరితే పోలిక వచ్చేసినట్టేనా? పెద్ద చిత్రకారులు ఇలాంటప్పుడు ఏం చేశారో తెలిస్తే చెప్పండి.

మ్యూజియం పిచ్చి:
పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు గిర్లాందాయో వేసిన తాతా మనవడి బొమ్మ ఉంది, 1490 ప్రాంతంలోది. నెట్‌లో దొరుకుతుంది, పెద్దది చేసి చూడండి. తాత ముక్కు నిండా సీతాఫలం మీద ఉన్నట్టు బుడిపెలు. నుదుటి మీది పులిపిరిని కూడా వదల్లేదు. మనవడు ఆయన గుండె మీద చెయ్యి వేసి, తలెత్తి ఆ మొహంలోకే చూస్తుంటాడు. ఇదే తాత కళ్ళు మూసుకుని ఉన్న స్కెచ్ ఒకటి స్టాక్‌హోమ్‌లో ఉంది. ఆయన పోయాక గీసిందని చాలామంది అంటారు. అదే నిజమైతే వాళ్ళదీ మీ ఇంటి కథే. అయినా ముక్కు సరిచేయమని ఎవరూ అన్నట్టు లేదు. మచ్చలు పెట్టించేయండి.

కుంచె బాబాయ్:
ఇరవై ఏళ్ళుగా ఇదే నా పని. ఆ పెయింటర్‌ని ఏమీ అనకండమ్మా. పోయినవాళ్ళ బొమ్మ అనగానే "కొంచెం రంగు తేల్చండి" అంటారు. వినీ వినీ, ఎవరూ చెప్పకపోయినా మా చెయ్యే తేల్చేస్తుంది. రాణిగారి బొమ్మలూ అంతే. ఇంగ్లండ్ మొదటి ఎలిజబెత్‌కి 1562లో మశూచి వచ్చింది. 1600 ప్రాంతంలో, చేతిలో ఇంద్రధనుస్సుతో వేసిన బొమ్మలో చూడండి, అరవై అయిదు దాటిన మనిషి కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. రాణి ముసలిదైందంటే తర్వాత గద్దె ఎవరిదని గొడవ. మీ హాల్లో ఆ బెంగ లేదుగా.

ఒక పని సంగతి. మచ్చలు పెట్టమంటే చుక్కలు పెట్టేస్తారు, అవి మొటిమల్లా కనిపిస్తాయి. గుంటకి ఒక అంచు మీద వెలుతురు, రెండో వైపు నీడ పడాలి. ఓటరు కార్డు ఫొటోలో వెలుతురు ఎదురుగా పడుతుంది కాబట్టి గుంటలు తెలియవు. పక్క నుంచి, కిటికీ వెలుతురు పడినట్టు వేయమనండి.

పక్కచూపు:
ఇటలీలో ఫ్లోరెన్స్ ఉఫీజీ మ్యూజియంలో, ఉర్బీనో అనే ఊరి ప్రభువు ఫెదెరీకో బొమ్మ ఉంది. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేశాడు. గుర్రాల మీద ఈటెలతో తలపడే పోటీలో ఫెదెరీకో కుడి కన్ను పోయింది, అందుకే ఎడమ పక్క మాత్రమే కనిపించేలా వేశారు. కానీ విరిగిన ముక్కు, బుగ్గ మీది పుట్టుమచ్చలు అలాగే ఉంచారు. ఏది దాచాలో ఆయనే చెప్పి ఉంటాడని నాకనిపిస్తుంది. మీ నాయనమ్మగారు ఏమనేవారో?

తెనాలి అమ్మాయి:
పక్కచూపు గారూ, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఏం రాయాలో తోచలేదు. నాన్నని అడిగితే, "ఆవిడకే ఇష్టం ఉండేది కాదమ్మా. ఫొటో అనగానే కొంగు బుగ్గ మీదికి లాక్కునేది" అన్నారు. పెళ్ళి ఫొటోలో సగం మొహమే ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఎవరో అడ్డొచ్చారనుకున్నాను. నాన్న పరువు కోసం అంటున్నారనుకున్నందుకు సిగ్గేసింది.

ఇక వదిలేద్దామనుకుని పెద్దత్తకి ఫోన్ చేశాను. "ఫొటోవాడు పరాయివాడే. మన ముందు ఎప్పుడైనా కొంగు కప్పుకుందా?" అంది.

అందుకే హాల్లో నాన్న బొమ్మ అలాగే ఉంటుంది. పడకగదికి చిన్నది ఇంకొకటి వేయమన్నాను, కిటికీ వెలుతురుతో. ఏ బుగ్గ మీద ఎక్కువ ఉండేవో పెద్దత్త పక్కన కూర్చుని చెప్తానంది.