డైరెక్టర్ ప్రమోషన్ రెండోసారీ పోయింది, "నీకు ఇబ్బంది అవుతుందని అడగలేదు" అంటున్నాడు బాస్

కొండాపూర్_కబుర్లు
అందరికీ నమస్తే. ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నా, పొడుగైతే తిట్టుకోకండి. నాకు 41, 17 ఏళ్ల ఎక్స్‌పీరియన్స్, గచ్చిబౌలి సైడ్ ఒక అమెరికా కంపెనీ జీసీసీలో, అంటే ఆ కంపెనీ ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసులో, సీనియర్ మేనేజర్‌ని, కింద 38 మంది. పోయినేడాది డైరెక్టర్‌కి నా పేరు వెళ్లింది, రాలేదు, సరేలే అనుకున్నా. ఈసారి నాకంటే మూడేళ్లు జూనియర్‌కి వచ్చింది. మంచోడే, అతని మీద నాకేం లేదు.

బాస్‌ని అడిగితే రెండు మాటలు చెప్పాడు. ఒకటి, మీటింగుల్లో గట్టిగా మాట్లాడతానట, కొంచెం సాఫ్ట్‌గా ఉండాలట. జనవరిలో టెస్టింగ్ అవ్వలేదు, సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆపండి అన్నాను, అదీ నేను చేసిన గట్టితనం. ఆపలేదు, శనివారం రాత్రి రెండింటికి వెనక్కి తీయాల్సొచ్చింది, తీసింది మా టీమే. రెండోది విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు. "ఆ రోల్‌లో ఏడాదికి నాలుగుసార్లు డల్లాస్ వెళ్లాలి, మీ బాబు టెన్త్ కదా, నీకు ఇబ్బందని నేనే గట్టిగా పుష్ చేయలేదు" అన్నాడు. నన్ను అడగలేదండీ! మావాడి టెన్త్ గురించి మా అత్తయ్యకి కూడా ఇంత బెంగ లేదు. ప్రమోషన్ వచ్చినతనికి ఏడాది నిండని పాప ఉంది, అతన్ని మాత్రం ఎవరూ ఏమీ అనుకోలేదు. మానేయాలా, హెచ్‌ఆర్‌కి వెళ్లాలా, ఏం అర్థం కావట్లేదు.

ఫైల్_నంబర్_7
ఇప్పుడు అన్నిచోట్లా లేడీస్ కోటానే కదండీ, డైవర్సిటీ అని వాళ్లే పిలిచి ఇస్తున్నారు. మీది స్కిల్ ఇష్యూ ఏమో, ఒకసారి చూసుకోండి.

సీఎస్_సుల్తాన్‌బజార్
పైన బ్రదర్‌కి, నేను కంపెనీ సెక్రటరీని, ఆ కోటా ఏంటో చెప్తా. 2013 కంపెనీల చట్టంలో లిస్టెడ్ కంపెనీ, అంటే షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ, బోర్డులో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలన్నారు. చాలామంది ఏం చేశారు, ఇంట్లోవాళ్లని తెచ్చి కూర్చోబెట్టారు. అప్పుడు షేర్ మార్కెట్‌ని చూసుకునే సెబీ, ఒక మహిళైనా ఇండిపెండెంట్ డైరెక్టరే, అంటే యజమానులతో సంబంధం లేని బయటి మనిషే, అవ్వాలి అని టాప్ 500 కంపెనీలకి 2019 ఏప్రిల్ నుంచి, టాప్ 1000కి 2020 ఏప్రిల్ నుంచి రూల్ పెట్టింది. అదంతా బోర్డు సంగతి. సీనియర్ మేనేజర్ నుంచి డైరెక్టర్ అవ్వడానికి ఏ కోటా లేదు, ఈవిడ పోస్టులో డైరెక్టర్ అంటే ఉద్యోగంలో గ్రేడు, ఆ బోర్డు డైరెక్టర్ కాదు. రెండూ కలిపేసి స్కిల్ ఇష్యూ అనకండి.

మల్కాజ్‌గిరి_మామ
అక్కా, నేను ప్రమోషన్లు డిసైడ్ చేసే రూమ్‌ల కూసున్నోన్ని, అందుకే చెప్తున్న. స్క్రీన్ మీద ఎక్సెల్ ఉంటది, తొమ్మిది పేర్లు, మూడు సీట్లు, ఒక్కో పేరుకి మూడు నిమిషాలు గూడ ఉండది. ఎవలన్న బల్ల గుద్ది మాట్లాడితే పేరు నిలవడతది, లేకపోతే నెక్స్ట్ సైకిల్ చూద్దాం అని కిందికి జారుతది. మీ బాసే పుష్ చెయ్యలే అన్నడంటే అక్కడ మీ పేరుకి ఎవలూ నోరు తెరవలే అన్నట్టు. బాస్ ఒక్కన్నే నమ్ముకోవద్దు, ఆ రూమ్‌ల కూసునే ఇంకొకలకి మీ పని తెల్వాలె, డల్లాస్‌ల ఎవలున్నరో ఆల్లతోనే డైరెక్ట్‌గ మాట్లాడుండ్రి. నేను గూడ తప్పు చేసిన, దాచుడెందుకు. ఒక మేడమ్ మెటర్నిటీ నుంచి అప్పుడే వచ్చింది, "ఇప్పుడే లోడ్ ఎందుకు పాపం" అన్న. మంచికే అన్ననని అనుకున్న. ఆరు నెలలకి ఆమె రిజైన్ చేసింది.

శారదా_బ్యాంక్
నేను పబ్లిక్ సెక్టార్ బ్యాంకులో ఏజీఎంని, అంటే అసిస్టెంట్ జనరల్ మేనేజర్‌ని అమ్మా, రిటైర్మెంట్‌కి రెండేళ్లుంది. అరుంధతీ భట్టాచార్య గారు 2013లో ఎస్‌బీఐ చైర్మన్ అయితే మా బ్రాంచిలో స్వీట్లు పంచాం, ఆ బ్యాంకుకి ఆడమనిషి చైర్మన్ అవ్వడం అదే మొదలు. సరే, నా సంగతి. స్కేల్ ఫైవ్, అంటే ఈ ఏజీఎం ప్రమోషన్, ఇంటర్వ్యూలో ఒకాయన "ట్రాన్స్‌ఫర్ అయితే ఇంట్లో..." అని మొదలెట్టాడు, పూర్తయ్యేలోపే వెళ్తాను సార్ అన్నా. అస్సాంలో సిల్చర్ వేశారు. మా అమ్మాయి ఇంటర్ అంతా మా అమ్మ దగ్గర నారాయణగూడలో గడిచింది, నేను చూడలేదు, ఆ లోటు ఉంది, లేదని చెప్పను. కానీ అది నేను తీసుకున్న నిర్ణయం.

మీరు చేయాల్సింది ఒకటే, ఇవాళే మెయిల్ పెట్టండి. కోపం వద్దు. ఈరోజు మనం మాట్లాడుకున్న ప్రకారం ట్రావెల్ కారణమన్నారు, నేను ట్రావెల్‌కి రెడీ అని ఒక లైను. గట్టిగా మాట్లాడింది ఏ మీటింగులో, ఏ తేదీన, చెప్తే సరిదిద్దుకుంటా అని ఇంకో లైను. తేదీ అడిగితే సగం ఫీడ్‌బ్యాక్‌లు నిలబడవు. హెచ్‌ఆర్‌కి తర్వాతైనా వెళ్లొచ్చు, ముందు చేతిలో కాగితం ఉండాలి కదా.

కొండాపూర్_కబుర్లు
థాంక్యూ శారద గారూ, మామ గారూ, సీఎస్ గారూ. మెయిల్ పెట్టి నాలుగు రోజులైంది, తేదీ రాలేదు, "లెట్స్ కనెక్ట్" అని ఒక్క ముక్క వచ్చింది. డల్లాస్ వీపీతో సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి అరగంట దొరికింది. రిలీజ్ సంగతి ఆయనకి అసలు తెలుసో లేదో అప్పుడు తేలుతుంది. మావాడిని అడిగా, నేను ఏడాదికి నాలుగుసార్లు వెళ్తే ఏంట్రా అని. "వెళ్లమ్మా, నాన్న ఉంటే రోజూ మ్యాగీ" అన్నాడు.