కియేటా హత్సుకోయి చూసినవాళ్లు చెప్పండి, ఇడాకి నిజంగా ఇష్టమేనా?

సైడ్‌బెంచి:
ఇదో జపాన్ టీవీ సీరియల్, ఎవరో మీమ్ పెడితే చూసి మొదలుపెట్టా, ఇంగ్లిష్‌లో మై లవ్ మిక్స్-అప్ అని వెతికితే దొరుకుతుంది. నాలుగో ఎపిసోడ్ దాకా వచ్చా. తెలియని వాళ్ల కోసం కథ: అయోకి అనే ఇంటర్ వయసు కుర్రాడికి హషిమోతో అనే పక్క సీటు అమ్మాయంటే పిచ్చి. క్లాసులో ఆ పిల్ల దగ్గర రబ్బరు అడిగి తీసుకుంటాడు, చూస్తే దాని మీద "ఇడా" అని ఒక మగపిల్లాడి పేరు, పక్కన లవ్ సింబల్. మనవాడి గుండె గుభేల్. అంతలో అదే ఇడా కంట్లో ఆ రబ్బరు పడుతుంది, అమ్మాయి పరువు పోకూడదని అయోకి "అది నాదే" అనేస్తాడు. ఇంకేముంది, వీడు నన్ను ప్రేమిస్తున్నాడు అని ఇడా ఫిక్స్ అయిపోతాడు.

నా డౌట్ ఏంటంటే, అయోకి మొహంలో ప్రతిదీ కనిపిస్తుంది, అరుస్తాడు, తల బాదుకుంటాడు, సరే. ఇడా మాత్రం కొయ్యబొమ్మలా నిలబడతాడు. వాడికి ఇష్టమా, జాలా, మొహమాటమా? హీరోలిద్దరూ ఐడల్ గ్రూపుల (అంటే ఫ్యాన్స్ వెంటపడే పాప్ పాటల బృందాల) వాళ్లేనట, ఫ్యాన్స్ కోసం చేసిన తమాషా అయితే ఇక్కడే ఆపేస్తా. ఇంకోటి, ఇంటర్ చదివే మా చెల్లితో కలిసి చూడొచ్చా?

కొబ్బరిలౌజు:
ఆపకండి బాబూ. సగంలో ఆపేసి తమాషా అంటే ఎలా.

ఇడా కొయ్యబొమ్మ కాదండీ, నిదానస్తుడు. మొదటి ఎపిసోడ్ ఇంకోసారి చూడండి, ఒక అబ్బాయి తనని ప్రేమిస్తున్నాడు అనుకున్నాక ఆ వయసు కుర్రాడు మామూలుగా ఏం చేస్తాడు? తన వాలీబాల్ టీమ్ మొత్తానికీ చెప్పి నవ్విస్తాడు. ఇడా ఒక్కడికీ చెప్పడు, అసహ్యించుకోడు, నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు కాబట్టి ఆలోచించి చెప్తా అన్న ధోరణిలో ఉంటాడు, నిజంగానే రోజుల తరబడి ఆలోచిస్తాడు కూడా! జపాన్ స్కూలు కథల్లో "నువ్వంటే ఇష్టం" అని ఎదురుగా నిలబడి చెప్పడం చాలా పెద్ద విషయం, చెప్పించుకున్నవాడు అవుననో కాదనో జవాబు ఇవ్వాల్సిందే, అక్కడి నుంచే ఇద్దరూ జంట అవునో కాదో తేలుతుంది. వాడి దృష్టిలో వాడు బాకీ ఉన్నాడు. కాబట్టి మీరు అడిగిన ప్రశ్నే ఇడా కూడా తనని తాను అడుక్కుంటున్నాడు, జవాబు వాడికే తెలియకపోతే మొహంలో మనకేం కనిపిస్తుంది? అందుకే ఆ నటుడు అంత తక్కువ చేశాడని నేననుకుంటా. మెగురో రెన్, అప్పటికి 24 ఏళ్లు, స్నో మ్యాన్ గ్రూపు. తర్వాతి ఏడాది సైలెంట్ అనే సీరియల్‌లో వినికిడి పోయినవాడిగా వేశాడు, అందులోనూ మాట తక్కువే, చూడండి ఎలా చేశాడో.

ఐడల్స్ అన్నది నిజమే. అయోకిగా వేసిన మిచియెదా షున్‌సుకెది నానివా దాన్షి గ్రూపు, ఈ సీరియల్ నడుస్తుండగానే 2021 నవంబర్‌లో వాళ్ల మొదటి సీడీ వచ్చింది, టైటిల్ పాట కూడా అదే. వ్యాపారం లేదని ఎవరన్నారు. కానీ కథ వాళ్ల కోసం పుట్టింది కాదు, అంతకు ముందు నుంచే బెస్సత్సు మార్గరెట్‌లో మాంగాగా, అంటే బొమ్మల కథగా వచ్చేది. అది అమ్మాయిల ప్రేమకథల పత్రిక, అందుకే ఆ తికమకలు, అపార్థాలు, చేయి తగిలితే చాలు ఊపిరి ఆగిపోవడాలు. రబ్బరు మీద ఇష్టమైనవాళ్ల పేరు రాసి ఎవరికంటా పడకుండా మొత్తం అరగదీస్తే ప్రేమ ఫలిస్తుందని అక్కడి పిల్లల నమ్మకం. మనం నోట్‌బుక్ చివరి పేజీలో ఫ్లేమ్స్ కొట్టుకోలేదా, అలాంటిదే.

చెల్లితో నిశ్చింతగా చూడండి, ఇబ్బంది పెట్టే సీనేదీ లేదు. ఆ రబ్బరు విషయంలో ఇంకో తిరకాసుంది, అది చెప్పను.

రాత్రిపాళీ:
నేను కొంచెం తేడాగా చెప్తా, కొబ్బరిలౌజు గారు ఏమీ అనుకోకండి. ఇడా మంచివాడే, ఒప్పుకుంటా. కానీ సీరియల్ మరీ మెత్తగా నడుస్తుంది. జపాన్‌లో మగవాళ్లిద్దరికి ఇప్పటికీ చట్టబద్ధమైన పెళ్లి లేదు, 2015లో టోక్యోలోని షిబుయాలో మొదలై చాలా ఊళ్లలో ఇస్తున్నది జంటగా గుర్తించే ఒక సర్టిఫికెట్ మాత్రమే. బయటి లోకం ఏమంటుందోనన్న భయం ఈ క్లాస్‌రూమ్‌లో గాలికైనా తగలదు. తర్వాత ట్రైనింగ్‌కి ఒక కుర్ర టీచర్ వస్తాడు, ఆ పాత్ర వచ్చాకే బయటి లోకం కాస్త లోపలికి వచ్చినట్టు అనిపించింది, వాడింకా ముందే వచ్చుంటే బాగుండేది. టీవీ అసాహీ ఛానెల్‌లో శనివారం రాత్రి పదకొండున్నరకి వేసింది, అంత లేటు స్లాట్‌లో ఇంకాస్త ధైర్యం చేయొచ్చు కదా.

అయోకి అరుపులు కూడా నాకు రెండో ఎపిసోడ్‌కే తలనొప్పి తెప్పించాయి. హషిమోతో పాత్ర మాత్రం సూపర్. ఇలాంటి కథల్లో అమ్మాయిని విలన్ చేసి పక్కన పడేస్తారు, ఇక్కడ అయోకి మనసు విప్పి మాట్లాడేది ఆ పిల్లతోనే.

కొబ్బరిలౌజు:
@రాత్రిపాళీ భయం ఉన్న కథలు బోలెడు ఉన్నాయండీ, చివర్లో ఒకడు చావడమో విడిపోవడమో. పదహారేళ్ల పిల్లాడు ఏడవకుండా చూడగలిగేది ఒక్కటి ఉంటే తప్పేంటి? మాకు ఇంటర్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు, నడక చూసి పేరు పెట్టి ఏడిపించేవాళ్లు, లెక్చరర్లు కూడా నవ్వేవాళ్లు. ఆ రోజుల్లో వాడు ఇలాంటిది చూసుంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది. మెత్తగా ఉందన్నది నాకు లోపంగా కనిపించలేదు, కావాలనే అలా తీశారు.

రాత్రిపాళీ:
ఆ పాయింట్ కాదనలేను. అరుపుల గురించి మాత్రం తగ్గేదే లేదు.

పులిహోరప్యాకెట్:
థాయ్ రీమేక్ కూడా ఉంది, 2024, జెమినీ, ఫోర్త్ అనే నటులు చేశారు, పన్నెండు ఎపిసోడ్లు. రంగులు, పాటలు ఎక్కువ. ముందు జపాన్‌దే పూర్తి చేయండి, లేకపోతే ఇడా ఇంకా కొయ్యబొమ్మలా కనిపిస్తాడు 😄 ఇలాంటిదే కాస్త బరువుగా కావాలంటే నెట్‌ఫ్లిక్స్‌లో ఐ కెనాట్ రీచ్ యు, 2023ది, చిన్నప్పటి స్నేహితుల కథ, ఎనిమిదే ఎపిసోడ్లు. అందులో ఒకడు మొదటి నుంచీ ప్రేమలోనే ఉంటాడు, చెప్పలేక నలిగిపోతుంటాడు.

సైడ్‌బెంచి:
ఆరు దాకా చూసేశా. ఇడా గురించి అన్న మాట వెనక్కి తీసుకోను కానీ ఆపను కూడా. ఇంత దగ్గరయ్యాక కూడా ఒకరినొకరు అయోకి, ఇడా అని ఇంటిపేర్లతోనే పిలుచుకోవడం భలే ఉంది, మా నాన్న ఆఫీసు ఫ్రెండ్స్ గుర్తొచ్చారు. చెల్లి నాకంటే ముందే మిగతావి చూసేసి నవ్వుతోంది, స్పాయిలర్ చెప్పకుండా ఉండటానికి ఐస్‌క్రీమ్ అడుగుతోంది.