మట్టిదారుల్లో తిరిగిన బండిని అమ్మేటప్పుడు, పడిన సంగతి చెప్పాలా?

ప్రశ్న:
నా 2019 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు ఇప్పటికి 38,000 కిలోమీటర్లు తిరిగింది. నిరుడు అనంతగిరి దగ్గర రాళ్లదారిలో ఎడమవైపు పడిపోయి, బ్యాష్ ప్లేటు (ఇంజను అడుగున ఉండే రక్షణ రేకు) సొట్టపోయింది, క్రాష్ గార్డు వంగింది. ఇంజనుకు ఏమీ కాలేదు. ఆ రెండూ కొత్తవి వేయించి, పడిన మాట ఎత్తకుండా అమ్మేయమని మా మెకానిక్ అంటున్నారు. అది న్యాయమేనా?

మొదటి జవాబు:
న్యాయమేనండి. చూసుకొని కొనుక్కోవలసిన బాధ్యత కొనేవారిదేనన్న సూత్రం 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోనే ఉంది. పడిందని మీరు నోరు జారితే, ప్లేటు ఖరీదుకు ఎన్నో రెట్లు ధరలో కోత పెడతారు.

రెండవ జవాబు:
పై మిత్రులు సగమే చెప్పారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను ప్రకారం ఊరక మౌనంగా ఉండడం సాధారణంగా మోసం కాదు గానీ, తెలిసిన విషయాన్ని పనిగట్టుకొని కప్పిపుచ్చడం మోసమే. సొట్ట కనబడకూడదనే కొత్త ప్లేటు బిగిస్తే దాన్ని మౌనమని ఎలా అంటాం? అసలు రాళ్ల దెబ్బ ఇంజనుకు తగలకుండా తాను తినడానికే ఆ ప్లేటు ఉన్నది. ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగిన ఇలాంటి బండికి గీత లేని ప్లేటు కనబడితే నాకైతే ముందు అనుమానమే కలుగుతుంది.

చూడవలసినది వేరే ఉంది. 21 అంగుళాల ముందు చక్రానికి తగిలిన దెబ్బ ఆ చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మీదుగా కోన్‌సెట్‌కు, అంటే హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులకు, చేరుతుంది. బండిని సెంటర్ స్టాండు వేసి, వెనక ఒకరిని నొక్కిపట్టమని ముందు చక్రం గాలిలోకి లేపి, హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో పట్టేసినట్టుంటే కోన్‌సెట్ అరిగినట్టే. తర్వాత ఫోర్కుకు సుద్దముక్క ఆనించి చక్రం తిప్పితే, రిమ్ముకూ సుద్దకూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి. ఈ రెండూ కొనేవారి ఎదుటే చేసి చూపించండి. నా బండిని నేను అలాగే అమ్మాను. వంగిన గార్డు కూడా కావాలని అడిగి మరీ పట్టుకుపోయారు.

మొదటి జవాబిచ్చినవారు:
మీకు బండ్ల సంగతి తెలిసినవారు దొరికారు. నా బండిని చూడవచ్చినవారు మాత్రం గీత కనబడగానే వెనుదిరిగారు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న సాయంత్రం తిప్పి చూశాను. రిమ్ము బాగానే ఉంది గానీ హ్యాండిల్ మధ్యలో పట్టేస్తోంది. ప్లేటు మార్చమన్న మెకానిక్ దీని ఊసే ఎత్తలేదు. కోన్‌సెట్ మార్పించి, ఆ బిల్లు చూపించి, సొట్ట ప్లేటుతోనే అమ్ముతాను. ధర మాత్రం తగ్గించను.